మా వంటింటి నేల

పోయిన నెల టెక్కలిలో ఒక టైల్స్ షాపుకి వెళ్లాం, నేనూ మా అత్తా మా అమ్మాయీ. భావనపాడులో మా పాత ఇంటి వంటగది బాగుచేయించాలని రెండేళ్లుగా అనుకుంటూనే ఉన్నాం. ఈసారి వానలు పడేలోపు పని మొదలవ్వాల్సిందేనని మావారు పట్టుబట్టారు. షాపులో కుర్రాడు తెల్లటి రెండడుగుల టైల్ ఒకటి తెచ్చి లైటు కింద నిలబెట్టాడు. మా అమ్మాయి చూడగానే "అమ్మా, ఇదే" అంది. మా అత్త వంగి అరచేత్తో తడిమి, "ఓలమ్మ, అద్దంలాగుంది గదే. మొకం సూసుకోడానికా, నడవడానికా? తడిస్తే జారిపోదేటి?" అంది. కుర్రాడు నవ్వాడు. నేను నవ్వలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ఆ రోజు ఏమీ కొనకుండానే వచ్చేశాం. ఆ తర్వాత నెల రోజులు నాకు ఇదే పని. మధ్యాహ్నం వంట అయ్యాక అత్త పక్కన కూర్చుని ఆవిడ తొక్కిన నేలలన్నిటి గురించీ అడిగాను. మేస్త్రిని అడిగాను. పుస్తకాలు తిరగేశాను. తెలుగు బి.ఏ. చదివినదాన్ని, రాళ్లూ సిమెంటూ నాకేం తెలుస్తాయనుకున్నాను గానీ, వంటింటి నేల సంగతి మనకంటే ఎవరికి తెలుస్తుంది చెప్పండి? రోజూ తుడిచేది మనమే కదా.

"నానీ ఇంటికొచ్చినప్పుడు వంటింట్లో మట్టి నేలే" అంది అత్త. తాటాకు ఇల్లు, మట్టి గోడలు, మూలగా మట్టి పొయ్యి. తెల్లారగట్ల లేచి పేడా ఎర్రమన్నూ నీళ్లలో కలిపి చేత్తో అలకడం, ఆరాక ముగ్గు కర్ర గీయడం, పొయ్యికి సున్నం పట్టీలు పెట్టడం. ఇప్పుడు వీడియోల్లో పేడ అలుకును తెగ మెచ్చుకుంటున్నారు. చల్లగా ఉంటుందట, ఆరోగ్యమట. చల్లగా ఉంటుందన్నది నిజమే. కానీ అలికిన చేతులెవరివో ఆ వీడియోల్లో కనబడదు. ఒకసారి చమురు ఒలికినా, నీళ్ల బిందె దొర్లినా మళ్లీ మొదటికొస్తుంది. వానాకాలంలో అలుకు ఆరదు. "నడుం ఇరిగిపోయీది" అని అత్త ఒక్క మాటలో తేల్చేసింది.

అయితే ఆ వంటింట్లో నేను ఇంతకు ముందు ఆలోచించని సంగతి ఒకటుంది. అక్కడ పనంతా నేల మీదే. పొయ్యి నేల మీద, రోలు నేల మీద, సన్నికల్లు నేల మీద, కత్తిపీట ముందు పీటేసుకుని మనిషి నేల మీద. వడ్డించేదీ తినేదీ కూడా అక్కడే. అంటే నేలే మన వంటగట్టు, నేలే మన డైనింగ్ టేబుల్. అందుకే దాన్ని అంత శుభ్రంగా ఉంచుకున్నారు. కాలు పెట్టే చోటుగా కంటే చెయ్యి పెట్టే చోటుగా చూశారు.

కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో గచ్చు ఉండేది. ఈ రోజు సిమెంటు నేలను కూడా గచ్చు అనేస్తున్నాం గానీ అసలు గచ్చు సున్నంతో చేసేది. మన తీరంలో సున్నానికి కొరత లేదు. ఒడ్డున దొరికే గుల్లల్ని బట్టీలో కాలిస్తే గుల్ల సున్నం. దానికి ఇసుకా ఇటుక పొడీ కలిపి ఎద్దు గానుగలో రోజుల తరబడి నూరేవాళ్లు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసేవాళ్లు. పరిచాక చెక్కతో కొట్టి కొట్టి, నున్నటి రాయితో రుద్దితే పాలరాయిలా మెరిసేది. ఇంగ్లీషు వాళ్లు దాన్ని చునాం అన్నారు. విలియం హోడ్జెస్ అనే చిత్రకారుడు 1793లో అచ్చేసిన తన భారతదేశ ప్రయాణాల పుస్తకంలో మద్రాసు మేడలకు పూసిన ఈ సున్నపు మెరుపును పాలరాయితో పోల్చాడు. ఆ నునుపు రుద్దిన కూలీల గురించి ఎవరూ పెద్దగా రాసినట్టు లేదు. అది మామూలే.

సున్నపు గచ్చు గొప్పతనం మెరుపులో లేదని మా మేస్త్రి చెప్పాక అర్థమైంది. అది ఊపిరి పీలుస్తుంది. కింద నుంచి వచ్చే చెమ్మను పట్టి ఉంచకుండా మెల్లగా గాలిలోకి వదిలేస్తుంది. మా ఊళ్లో చెమ్మంటే వట్టి నీళ్లు కాదు, ఉప్పు నీళ్లు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క నౌపడ ఉప్పు మళ్లు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలం నుంచే పేరున్న ఉప్పు అది. ఆ ఉప్పు వేరే చోట్ల అమ్ముడుపోతుంది, మా ఇళ్లలో గోడలెక్కుతుంది. గోడలోని చెమ్మ ఆరేటప్పుడు నీరు పోయి ఉప్పు మిగులుతుంది. తెల్లటి నూగులా పొంగి, పూతను లోపల్నుంచి తోసేస్తుంది. ఎన్ని రంగులేసినా రెండో ఏడాదికి పొలుసులు రాలడమే.

సిమెంటు వచ్చాక సున్నం గానుగలు మూలపడ్డాయి. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ అనే తాపీ మేస్త్రి 1824లో పోర్ట్‌లాండ్ సిమెంటుకు పేటెంటు తీసుకున్నాడు. మన దేశంలో పోరుబందరులో 1914లో ఫ్యాక్టరీ మొదలైంది. మా పల్లెల వంటిళ్ల దాకా రావడానికి ఇంకో యాభై, అరవై ఏళ్లు పట్టింది. మా మావగారు డెబ్బైల చివర్లో ఇల్లు కట్టినప్పుడు వంటింట్లో ఎర్ర గచ్చు వేయించారు. సిమెంటులో ఎర్ర ఆక్సైడు పొడి కలిపి, తాపీతో నున్నగా రుద్ది, కొబ్బరి నూనె పట్టించిన నేల. యాభై ఏళ్లకు దగ్గరపడుతోంది. అక్కడక్కడా బీటలు వారింది గానీ పెరటి తలుపు దగ్గర, అత్త కూర్చునే చోట మాత్రం ఇప్పటికీ దానిమ్మ గింజ రంగులో ఉంది. రోజూ మనిషి కూర్చుని లేచిన మెరుపది.

అదే రోజుల్లో బంధువుల ఇళ్లలో నాపరాళ్లు వచ్చాయి. బేతంచెర్ల నుంచి, తాండూరు నుంచి లారీల్లో వచ్చిన బండలు. వంటగట్టు మీదకు నల్ల కడప బండ. ఇవన్నీ సున్నపురాయి జాతి. సున్నపురాయికీ పాలరాయికీ పులుపు పడదు. చింతపండు రసం, నిమ్మరసం ఒలికి అరగంట ఉంటే మెరుపు పోయి మచ్చ పడుతుంది. చేపల పులుసు వారానికి నాలుగు సార్లు వండే ఇంట్లో పాలరాయి గట్టు పెట్టించుకోవడం కోరి తెచ్చుకున్న తద్దినమే. మా చిన్నాడపడుచు పెట్టించుకుంది. గట్టు మీద గిన్నెల అడుగులన్నీ గుండ్రంగా అచ్చు పడి ఉన్నాయి. మొజాయిక్ గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గవర్నమెంటు క్వార్టర్లలో పెరిగిన వాళ్లందరికీ తెలుసు, దాని మీద పడిన చిన్న వస్తువు మళ్లీ దొరకదు.

ఇప్పుడు గోడ సంగతి. పొయ్యి వెనక గోడకు అతికించే టైల్స్‌ను మన మేస్త్రీలు డాడో అంటారు. పాత వంటింట్లో డాడో అన్న ఆలోచనకే చోటు లేదు. కట్టెల పొయ్యి పొగ దూలాల దాకా పట్టేది, రెండడుగుల గోడను కాపాడి ఏం లాభం? ఏడాదికోసారి పండక్కి సున్నం కొడితే సరి. ఇంకో దేశంలో మాత్రం ఈ ఆలోచన ఎప్పుడో వచ్చింది. మనకు దక్షిణాన భీమునిపట్నంలో పదిహేడో శతాబ్దం నుంచీ డచ్చివాళ్లు వర్తకం చేశారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల సొంత దేశంలో అదే కాలంలో నిప్పుగూటి వెనకా, గోడల అడుగునా నీలి బొమ్మల తెల్ల పలకలు అతికించుకునేవారు. మసి తుడిస్తే పోవాలి, చెమ్మ పైకి రాకూడదు. రెండూ మన బాధలే. మన దగ్గర బట్టలు కొనుక్కెళ్లారు గానీ ఆ పలకల అలవాటు మన వంటిళ్లకు అంటలేదు. అంటినా మన పొయ్యి నేల మీద ఉంది కదా.

పొయ్యి నేల మీద నుంచి లేచింది గ్యాసుతో. బొంబాయిలో 1955లో బర్మాషెల్ వాళ్లు వంట గ్యాసు అమ్మడం మొదలుపెట్టారు. కలకత్తాలో 1965లో ఇండేన్ మొదటి కనెక్షన్ ఇచ్చింది. మా వైపు పల్లెల్లో చాలామంది ఆడవాళ్లకు సిలిండరు చేతికొచ్చింది 1999లో దీపం పథకం పెట్టాక, డ్వాక్రా సంఘాల ద్వారా. సిలిండరు కింద పెట్టాలి, పొయ్యి దానికంటే ఎత్తున ఉండాలి. అలా గట్టు వచ్చింది. గట్టు రాగానే మనం లేచి నిలబడ్డాం. పోపు చిటపటలు గోడకు తగలడం మొదలైంది. అప్పుడు డాడో కావాల్సొచ్చింది. మా ఇంట్లో గట్టు 2001లో కట్టారు. దాని వెనక మూడు వరసల టైల్స్, మధ్యలో ద్రాక్షపళ్లూ యాపిల్ పళ్లూ ఉన్న బొమ్మ టైల్ ఒకటి. ఇన్నేళ్లుగా చూస్తున్నాను, సముద్రం ఒడ్డు ఊరికి పండుగప్ప బొమ్మో వంజరం బొమ్మో వేసిన టైల్ ఎవరూ ఎందుకు చెయ్యరో!

నిలబడి వండడం మంచిదేనా అని అత్తనడిగాను. "పొగ తప్పింది, అది సాలు. కాళ్లు మటుకు లాగేత్తాయి" అంది. ఇలా నిలబడి వండే వంటిళ్లకు నమూనా ఎక్కడిదని వెతికితే, 1926లో మార్గరెటె షూటె లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు గీసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది దగ్గర తేలింది. కూలి కుటుంబాల ఫ్లాట్ల కోసం గీసింది. సుమారు 6.5 చదరపు మీటర్ల గది, అన్నీ చెయ్యి చాపితే అందేలా. దాదాపు పదివేలు కట్టారట. ఆ వంటగదికి ఆవిడ ఒక తిరిగే స్టూలు కూడా పెట్టింది, కిటికీ దగ్గర కూర్చుని కూరగాయలు తరుక్కోవడానికి. మన దాకా వచ్చేసరికి గట్టు వచ్చింది, అల్మరాలు వచ్చాయి, స్టూలు మటుకు దారిలో ఎక్కడో పడిపోయింది. మనం చూసిన మాడ్యులర్ కిచెన్ల బొమ్మల్లో ఎక్కడైనా ఆడమనిషి కూర్చోవడానికి చోటుందా? ఒకసారి గమనించండి.

ఇక నేను షాపులో ఎందుకు నవ్వలేదో.

శ్రీకాకుళంలో మేముండే ఫ్లాటులో 2016లో వంటగది నేల మార్పించాం. మెరిసే విట్రిఫైడ్ టైల్స్, మీగడ రంగు. ఎంచింది నేనే. ఇల్లు వెలుగొచ్చిందని చూసినవాళ్లంతా అన్నారు. మా అమ్మ నాతో ఉండేది. మూడేళ్ల తర్వాత ఒక పొద్దున కాఫీ గ్లాసు కడుగుతుంటే సింకు దగ్గర నాలుగు చుక్కల నీళ్లు పడ్డాయి. అంతే. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయ్యింది, వాకర్‌తో నాలుగడుగులు వేసింది, మళ్లీ వంటింట్లోకి రాలేదు. పధ్నాలుగు నెలలకు పోయింది. టైల్స్ వల్ల పోయిందని డాక్టరు అనలేదు, ఇంట్లో ఎవరూ అనలేదు. అమ్మయితే "నా కంగారే" అంది. కానీ ఆ టైల్ ఎంచేటప్పుడు నేను దాని మీద నీళ్లు పోసి చూడలేదు. అమ్మని తీసుకెళ్లలేదు. రంగు చూశాను, ధర చూశాను.

అందుకే ఈసారి అత్తను వెంటబెట్టుకెళ్లాను. షాపులో అడగాల్సినవి కూడా ఇప్పుడు కొంచెం తెలుసు, మీకూ పనికొస్తాయని చెప్తున్నాను. గోడ టైల్, నేల టైల్ ఒకటి కావు. గోడ టైల్ లోపల గుల్లగా ఉంటుంది, బరువులో పది శాతం పైగా నీళ్లు పీల్చగలదు. విట్రిఫైడ్ టైల్ అర శాతానికి మించి పీల్చదు. గోడ టైల్ అందంగా ఉందని నేల మీద వేయిస్తే పగులుతుంది. జారుడుకి జర్మనీ వాళ్ల లెక్క ఒకటుంది, ఆర్ 9 నుంచి ఆర్ 13 దాకా. టైల్స్ పరిచిన బల్ల మీద నూనె పోసి, మనిషిని నడిపిస్తూ బల్లను మెల్లగా వాలుస్తారు. ఎంత వాలులో కాలు జారిందన్న దాన్ని బట్టి అంకె. ఆర్ 9 అంటే ఆరు నుంచి పది డిగ్రీల్లోనే జారినట్టు. ఆర్ 10 పంతొమ్మిది దాకా, ఆర్ 11 ఇరవై ఏడు దాకా నిలుస్తాయి. షాపులో కుర్రాడికి ఈ అంకె తెలియకపోవచ్చు, పెట్టె మీదో కేటలాగులోనో వెతకాలి. ఆ పరీక్షలో నడిచేవాళ్లు బూట్లు వేసుకుంటారు. మన వంటింట్లో వేసుకోం. అందుకని అంకెతో సరిపెట్టకుండా ఒక టైల్ ఇంటికి తెచ్చుకుని చూడటం మేలు.

మావారి మనసు గ్రానైట్ మీద ఉండింది. ఉండదూ మరి, టెక్కలి చుట్టూ కొండలన్నీ అవే. నీలి గ్రానైట్ అని పేరు, బ్లాకులు కోసి విదేశాలకు పంపుతారు, అక్కడ ఇళ్లకూ సమాధులకూ కూడా వాడతారు. సమాధి అంటే గుర్తొచ్చింది, మన తూర్పు కనుమల్లో దొరికే ఇంకో రాయి పేరు చార్నకైట్. కలకత్తాలో జాబ్ చార్నాక్ అనే ఇంగ్లీషాయన సమాధి మీది రాయిని బట్టి పెట్టిన పేరు. ఇప్పుడు మన కొండల రాయి ఓడెక్కి వెళ్తుంది, గుజరాత్‌లోని మోర్బీ నుంచి టైల్స్ లారీలెక్కి మన షాపులకొస్తాయి. దేశంలో తయారయ్యే టైల్స్‌లో ఎక్కువ భాగం ఆ ఒక్క ఊరి చుట్టుపక్కల్నుంచే. మొదట్లో భావనపాడు పోర్టు అని, చివరికి మూలపేట పోర్టు అని 2023లో శంకుస్థాపన చేసిన రేవు పూర్తయితే మా రాళ్లు మా ఇంటి ముందు నుంచే వెళ్తాయి కాబోలు.

గ్రానైట్ గట్టుకు నేనూ ఒప్పుకున్నాను. పులుపుకు చలించదు, వేడి గిన్నె దించినా ఏమీ కాదు. నేలకు మాత్రం వద్దన్నాను. పాలిష్ చేసిన గ్రానైట్ తడిస్తే ఏ టైల్‌కీ తీసిపోదు జారడంలో. గరుకు చేసిన రకం ఉంది, మంట పెట్టి పైపొర ఎగరగొడతారు, కానీ చేప పొలుసూ పసుపూ ఆ గుంటల్లో ఇరుక్కుంటే తీసేది ఎవరు? మావారు కాదు.

గోడ దగ్గర అసలు తిప్పలొచ్చాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రాత్రి మా వంటింటి పైకప్పు రేకులు లేచిపోయి గోడలు నిలువునా తడిశాయి. ఆ చెమ్మ ఆ గోడను ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. పైదాకా టైల్స్ వేసేద్దాం, ఉప్పు కనబడదు అన్నారు అందరూ. మా మేస్త్రి ఒద్దన్నాడు. ముసలాయన, మాట తక్కువ. "కనపడదు గానమ్మా, లోపల తింతాది. రెండేళ్లకి పలకలు ఊడి పొయ్యిమీద పడతాయి" అన్నాడు. నూగు పట్టిన పూతంతా ఇటుక దాకా గీకించాడు. నెలంతా ఆరనిచ్చాడు. సముద్రపు ఇసుక ఒక్క తట్ట కూడా కలపనివ్వలేదు, ఏటి ఇసుకే తెప్పించాడు. గట్టు మీద రెండడుగులు మాత్రమే డాడో, ఆ పైన సున్నం. చిన్న టైల్స్ ముచ్చటగా ఉంటాయి గానీ జాయింట్లు ఎక్కువ, తెల్ల సిమెంటు జాయింటులో పసుపు చేరితే పోదు. అందుకని పొయ్యి వెనక పెద్ద టైల్స్, జాయింట్లకు ఎపాక్సీ. నేలకు తిరగేసి ఆలోచించాం. అక్కడ ఒక అడుగు టైల్స్, జాయింట్లు ఎక్కువుంటే కాలికి పట్టు ఎక్కువ.

రెండోసారి షాపు నుంచి మూడు శాంపిల్స్ తెచ్చాను. పెరట్లో ఇటుకల మీద పరిచి, ఒకదాని మీద నీళ్లు, ఒకదాని మీద గంజి, ఒకదాని మీద వేపుడు నూనె పోశాను. తర్వాత మార్చి మార్చి పోశాను. అత్త నా భుజం పట్టుకుని ఒక్కోదాని మీదా మడమ రుద్ది చూసింది. అమ్మాయి ఫోనులో తీసింది. మూడోది, బూడిద రంగుది, ఆర్ 11, కాలిని పట్టుకుంది. "ఇది సేపల రేవు బండలాగుంది. బాగుంది" అంది అత్త. "నానమ్మా, ఆ రంగు చూడు, ముసల్దానిలా ఉంది" అంది మా అమ్మాయి. "ముసల్దానికే గదే" అంది అత్త.

పెరటి తలుపు దగ్గర నాలుగడుగుల ఎర్ర గచ్చు మాత్రం తవ్వొద్దని మేస్త్రికి చెప్పాను. కొత్త టైల్ దానికి సరిసమానంగా రావాలంటే మిగతా నేలంతా ఒక అంగుళం పైగా తవ్వాలి, రెండు రోజుల కూలి ఎక్కువవుతుందన్నాడు. అవనీ అన్నాను. అక్కడ గట్టు పక్కనే కూర్చుని తరుక్కోవడానికి గోడకో చెక్క బల్ల కూడా పెట్టమన్నాను, నా కోసం. అత్తకు పీట చాలు. సోమవారం పని మొదలు. అప్పటిదాకా వంట పెరట్లోనే, మూడిటుకల పొయ్యి మీద. నిన్న అత్త దాని ముందు పీటేసుకుని నెత్తళ్ల వేపుడు చేసింది, నన్ను గరిటె ముట్టుకోనివ్వలేదు.